దయామణి మూడు వీలునామాలు

బందరులో ఆ రోజుల్లో సైకిలు తొక్కే ఆడవాళ్ళు ఇద్దరే ఉండేవారు. ఒకరు ఆడపిల్లల బడి హెడ్మిస్ట్రెస్ భాగ్యమ్మ గారు, రెండో ఆవిడ నర్సు దయామణి. భాగ్యమ్మ గారు సైకిలు మీద వస్తుంటే జనం పక్కకి తప్పుకునేవారు. దయామణి వస్తుంటే అడ్డం నిలబడి ఆపేవారు. కోడలికి వేవిళ్ళు తగ్గలేదనో, మనవడు పాలు కక్కుతున్నాడనో ఏదో ఒకటి అడిగి గాని వదిలేవారు కాదు. వలందపాలెంలో ఆవిడ ఇంటి నుంచి ఆసుపత్రికి పావుగంట దారి. ఆవిడకి ఏ రోజూ ముప్పావుగంటకి తక్కువ పట్టలేదు.

ఘంటసాల పక్కన ఒక పల్లెలో, పాలేరుతనం చేసుకునే ఇంట్లో పుట్టింది దయామణి. మిషను వాళ్ళు చదివించి నర్సు ట్రెయినింగు ఇప్పించారు. జ్ఞానయ్య అనే మేష్టారితో పెళ్ళయింది. ఆరో ఏట ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఆ తర్వాత ఆవిడ ఉద్యోగమే లోకంగా ముప్ఫై రెండేళ్ళు కాన్పుల వార్డులో పనిచేసి, తన జీతంతో నాలుగు గదుల పెంకుటిల్లు ఒకటి కొనుక్కుంది. వెనక బావి, బావి పక్కన రెండు ములగచెట్లు. 1955 జూన్‌లో రిటైరైంది. రిటైరైన మూడో వారం సైకిలెక్కి ఇనగుదురుపేటలో అబ్దుల్ జబ్బార్ అనే ప్లీడరు ఇంటికి వెళ్ళింది, వీలునామా రాయించుకోవడానికి.

ఊళ్ళో పెద్ద ప్లీడర్లు చాలామంది ఉండగా ఆయన దగ్గరికే ఎందుకు వెళ్ళిందంటే, పెద్ద ప్లీడర్ల ఇళ్ళలో అరుగు మీద కూర్చోబెడతారు, జబ్బార్ గారింట్లో కుర్చీ వేస్తారు. ఆయనకి ముప్ఫై దాటి ఏడాదో రెండేళ్ళో. ఆయన గుమాస్తా రామబ్రహ్మం గారికి అరవై దగ్గర పడుతోంది. కొత్తవాళ్ళు వస్తే గుమాస్తానే ప్లీడరనుకుని నమస్కారం పెట్టేవారు. ఆయనా కాదనేవాడు కాదు.

"ఇల్లు ఎవరికి రాద్దామనుకుంటున్నారమ్మా?" అని అడిగాడు జబ్బార్.

"మా దివి ఆడవాళ్ళకండీ."

"అంటే?"

"దివిసీమ నుంచి కాన్పుకి వచ్చేవాళ్ళకి. హంసలదీవి నుంచి, నాగాయలంక నుంచి, ఆ లంకల్లోంచి పడవ దిగి బస్సెక్కి వస్తారు. ఆసుపత్రిలో నొప్పులొస్తే గాని మంచం దొరకదు. ఉన్నవే అన్ని మంచాలు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. అప్పటిదాకా పది రోజులో పదిహేను రోజులో వరండాలో పడుంటారు. నా తర్వాత నా ఇంట్లో ఉండాలి వాళ్ళు."

జబ్బార్ కాగితం మీద రాసుకున్నాడు. "పిల్లలు లేరన్నారు. అన్నదమ్ములు?"

"తమ్ముడుండేవాడు. పోయాడు."

"తమ్ముడికి పిల్లలు?"

"ఒక్కడు. ఏసుబాబు అని. గుడివాడలో సైకిలు షాపు."

జబ్బార్ కలం కింద పెట్టాడు. "అతనితో చిక్కొచ్చిందమ్మా."

"వాడేం చేశాడండీ?"

"ఏమీ చెయ్యలేదు. ఉన్నాడు, అంతే."

అప్పుడు లేచి బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి, ఆ పేజీ వెతికి, మెల్లగా చెప్పాడు. క్రైస్తవులకి వర్తించే వారసత్వ చట్టంలో ఒక సెక్షనుంది. మేనల్లుడో మేనకోడలో, అంతకన్నా దగ్గర చుట్టమో ఉన్న మనిషి తన ఆస్తిని ధర్మానికి రాస్తే, రాసిన తర్వాత పన్నెండు నెలలు బతికుండాలి. రాసిన ఆర్నెల్లలోగా ఆ వీలునామాని రిజిస్ట్రారు దగ్గర భద్రపరచాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా ఆ రాత చెల్లదు.

"పదకొండో నెలలో పోతే?"

"ఇల్లు ఏసుబాబుది."

"ఇదేం చట్టమండీ?"

"చావుకి దగ్గరపడ్డ వాళ్ళ మంచం పక్కన కూర్చుని ఫాదర్లు ఆస్తులు రాయించేసుకుంటారని ఇంగ్లండులో ఎప్పుడో ఎవరో భయపడ్డారు. ఆ భయం ఓడెక్కి మన దాకా వచ్చింది."

"మీ వాళ్ళకీ ఇంతేనా?"

"మాది వేరు. వారసులు ఒప్పుకుంటే తప్ప మూడో వంతుకి మించి రాయకూడదు."

అంతసేపూ తలొంచుకుని రాసుకుంటున్న రామబ్రహ్మం గారు తలెత్తి, "మరి మాకండీ?" అన్నాడు.

"మీ స్వార్జితం మీ ఇష్టం. ఎవరికైనా రాసుకోవచ్చు."

"అన్ని హక్కులూ ఉన్నాయి. స్వార్జితమొక్కటే లేదు," అని ఆయన మళ్ళీ కాగితంలో పడ్డాడు.

దయామణికి నవ్వొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు బతికిన మనిషికి ఇంకొక్క ఏడాది బతకడం పెద్ద పనిలా తోచలేదు. "రాయండి బాబూ, చూద్దాం," అంది.

రామబ్రహ్మం గారి అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. 'నేను పూర్తి ఆరోగ్యముతోను, స్వస్థచిత్తముతోను, ఎవరి ప్రోద్బలము లేకుండాను' అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. ఇల్లు చూసుకోవడానికి ధర్మకర్తగా చర్చి పెద్ద దైవాధీనం గారి పేరు పెట్టించింది దయామణి. ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. కవరులో పెట్టి లక్క ముద్ర వేసి, మర్నాడు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఇచ్చారు. అక్కడి గుమాస్తా రసీదు చేతికిస్తుంటే, "మళ్ళీ ఏడాదికి రావాలాండీ?" అని అడిగింది.

"మీరు రానక్కర్లేదమ్మా. మీరు లేరని కాగితం పట్టుకుని మీ వాళ్ళు వస్తారు," అన్నాడతను మర్యాదగా.

తన ప్రాణాన్ని జాగ్రత్తగా చూసుకోవడం దయామణికి కొత్త. అంతకు ముందు వరద నీళ్ళలో మొలలోతున నడిచి కాన్పులు చేసి వచ్చిన మనిషి, ఇప్పుడు కోనేరు సెంటరు దగ్గర సైకిలు దిగి నడిపించుకుంటూ రోడ్డు దాటడం మొదలుపెట్టింది. నీళ్ళు కాచి తాగింది. గిలకలదిండికి చేపల కోసం వెళ్ళినప్పుడు, తెలిసిన సరంగు "రండమ్మా, అలా సముద్రం మొగదాకా తిప్పి తీసుకొస్తా," అని పడవ చూపిస్తే, "వచ్చే జులై తర్వాత వస్తానయ్యా," అంది. అతనికి అర్థం కాలేదు.

ఏసుబాబుకి ఈ సంగతి ఉత్తరంలో రాయడం బాగుండదని రైలెక్కి గుడివాడ వెళ్ళింది. అతను షాపు ముందు కూర్చుని చక్రం వంకర తీస్తున్నాడు. పాతికేళ్ళవాడు, పెళ్ళి కాలేదు. మేనత్తని చూసి లేచి స్టూలు వేశాడు. దయామణి కూర్చోలేదు. మనసులో ఉన్నది చెప్పేస్తే గాని ఆవిడకి కూర్చోబుద్ధయ్యేది కాదు.

"ఇల్లు నీకు రాయలేదురా ఏసుబాబూ."

అతను చక్రం తిప్పి చూశాడు. "మరెవరికి రాశావు?"

"దివి ఆడవాళ్ళకి. కాన్పులకొచ్చే వాళ్ళకి."

చట్టం సంగతి, పన్నెండు నెలల సంగతి కూడా దాచకుండా చెప్పింది. అతను విన్నాడు, టీ తెప్పించాడు, సాయంత్రం బండికి స్టేషను దాకా వచ్చి ఎక్కించాడు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. అయితే ప్రతి ఏడూ క్రిస్మస్‌కి బందరు వచ్చేవాడు ఆ ఏడు రాలేదు. దయామణి వండిన పాయసం ఇరుగు పొరుగులకి పంచేసింది. ఇంటి మీద ఆశ ఉండి ఉంటుంది పాపం అనుకుంది. అనుకున్నా మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది.

తొమ్మిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక దైవాధీనం గారు చర్చి మెట్ల మీద ఆపాడు.

"సిస్టరమ్మా, మీ ఇంటి విషయం మన కమిటీలో మాట్లాడాం. బాప్తిస్మం పొందిన వాళ్ళకే గదులివ్వాలని తీర్మానం చేశాం. మీ ఆస్తి మన వాళ్ళకే ఉపయోగపడాలి గదా."

"నొప్పులు పడుతున్న మనిషిని గుమ్మంలో నిలబెట్టి నీకు బాప్తిస్మమయిందా అని అడుగుతారాండీ?"

"అలా అడగం. పాస్టరు గారి చీటీ తెచ్చుకోమంటాం."

దయామణి సైకిలెక్కింది. సరాసరి ఇనగుదురుపేటలో దిగింది. ఆదివారమైనా జబ్బార్ బల్ల ముందే ఉన్నాడు.

"ధర్మకర్తని మార్చాలండీ."

"మార్చొచ్చు. అయితే ఇల్లు ఎవరెవరికి ఇవ్వాలన్నది కూడా గట్టిగా రాయాల్సి ఉంటుంది. అంటే కొత్త వీలునామా. కొత్త తేదీ. పన్నెండు నెలలు మళ్ళీ మొదటి నుంచి."

"ఇంక మూడు నెలలే మిగిలాయి గదండీ పాతదానికి."

"పాతదే ఉంచమంటే ఉంచుదాం. దైవాధీనం గారి తీర్మానంతో సహా."

ఆవిడ గుమాస్తా వైపు తిరిగి, "రామబ్రహ్మం గారూ, కాగితం తీయండి," అంది.

పాత కవరు రిజిస్ట్రారు దగ్గరి నుంచి వెనక్కి తీసుకుని, 1956 మే నెలలో రెండో వీలునామా దాఖలు చేశారు. ఇందులో 'కులమతభేదము లేక' అన్న ముక్క చేర్చి, దాని కింద గీత కూడా గీయించింది దయామణి. ధర్మకర్త భాగ్యమ్మ గారు. అంతకన్నా గట్టి మనిషి బందరులో లేదు. యాభై రెండేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు, ఊరు విడిచి వెళ్ళలేదు, ఎవరి మాటకీ లొంగలేదు.

పదకొండో నెలలో భాగ్యమ్మ గారు పెళ్ళి చేసుకుంది.

వరుడు గుంటూరులో ఒక పాస్టరు, భార్య పోయినవాడు, ముగ్గురు కొడుకులూ ఉద్యోగాల్లో ఉన్నారు. శుభలేఖ ఇవ్వడానికి సైకిలు మీదే వచ్చింది భాగ్యమ్మ గారు. దయామణి శుభలేఖ రెండుసార్లు చదివి, "ఇంకొక్క నెలాగలేకపోయావా?" అంది. అంతలోనే తనే నవ్వి, స్నేహితురాలిని దగ్గరికి తీసుకుంది. గుంటూరులో ఉంటూ బందరులో ఇల్లు చూసుకోవడం తన వల్ల కాదని భాగ్యమ్మ గారే చెప్పింది. పెళ్ళికి వెళ్ళి వచ్చాక దయామణి మళ్ళీ జబ్బార్ ఇంట్లో కుర్చీలో కూర్చుంది. రామబ్రహ్మం గారు ఏమీ అడక్కుండానే 'పూర్తి ఆరోగ్యముతోను, స్వస్థచిత్తముతోను' దాకా రాసేసి ఆగాడు.

"అమ్మా, ఈ తిప్పలన్నీ లేని దారొకటి ఉంది," అన్నాడు జబ్బార్. "వీలునామా కాకుండా ట్రస్టు దస్తావేజు రాయండి. మీరు బతికుండగానే ఇల్లు ధర్మానికి ఇచ్చేయడం. దానికీ పన్నెండు నెలలకీ సంబంధం లేదు. సంతకం పెట్టి రిజిస్టరు చేయిస్తే ఆ రోజే అయిపోతుంది."

"మరి నేనెక్కడుండాలి?"

"మీ జీవితాంతం ఒక గది మీకే అని దస్తావేజులో రాస్తాం."

"నా ఇంట్లో నాకొక గది. ఇచ్చేదెవరు?"

"ధర్మకర్తలు."

"వద్దండీ," అంది దయామణి. పల్లెలో వాళ్ళ నాన్న యాభై ఏళ్ళు ఇంకొకరి దొడ్లో పాక వేసుకుని బతికాడు. ఆయన చచ్చిపోయే ముందు రోజు కూడా ఆ దొడ్డివాళ్ళు వచ్చి పాక కాస్త జరుపుకోమన్నారు. ఆ సంగతి ఆవిడ జబ్బార్‌కి చెప్పలేదు. "నేనున్నంత కాలం అది నా ఇల్లు. వీలునామాయే రాయండి. ఈసారి ధర్మకర్త మీరే."

అలా 1957 ఏప్రిల్ పన్నెండున మూడో వీలునామా తయారైంది.

మరుసటి ఏడు మార్చి నడిమికి దయామణికి జ్వరమొచ్చింది. రెండు రోజులు మామూలు జ్వరమే అనుకుంది. మూడో రోజు బావి దగ్గర చేద పట్టుకునే కూలబడింది. ఆసుపత్రిలో చేర్చి రక్తం పరీక్ష చేసి టైఫాయిడన్నారు. క్లోరోమైసిటిన్ మాత్రలు మొదలుపెట్టారు. ముప్ఫై రెండేళ్ళు మంచాల మధ్య తిరిగిన మనిషి మొదటిసారి మంచం మీద పడుకుని పైకప్పు చూసింది. దూలాల మధ్య అన్ని బూజులున్నాయని అన్నేళ్ళలో తెలియలేదు.

వారం రోజులు తెలివి వస్తూ పోతూ ఉంది. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచేసరికి ఏసుబాబు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో గంజి గ్లాసుతో. రామబ్రహ్మం గారు కార్డు రాస్తే షాపు మూసి వచ్చాడట. రెండున్నరేళ్ళలో మనిషి కాస్త ఒళ్ళు చేశాడు.

"ఈవేళ తేదీ ఎంతరా?" అంది.

"మార్చి ఇరవై నాలుగు. ఇంకా పంతొమ్మిది రోజులుంది."

"దేనికి?"

"నీ ఏడాదికి. ప్లీడరు గారిని అడిగొచ్చాను. ఏప్రిల్ పన్నెండు దాటాలట. లే, కాస్త గంజి తాగు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "ఈలోపు నేను పోతే ఇల్లు నీదేరా."

"తెలుసు. గంజి తాగు అత్తా."

తాగింది. చప్పగా ఉంది, ఉప్పెయ్యలేదు. అయినా గ్లాసు ఖాళీ చేసింది. ఆ రోజు నుంచి ఏసుబాబు వేళకి మాత్రలిచ్చి, ఒళ్ళు తుడవడానికి నర్సుల్ని పిలుచుకొచ్చి, పొద్దున్నే వచ్చి ఎన్ని రోజులు మిగిలాయో చెప్పేవాడు. పదహారంటే పదహారు, పదిహేనంటే పదిహేను. పక్క మంచాల వాళ్ళు కూడా లెక్క పట్టారు.

కాస్త కోలుకున్నాక ఆవిడే ఆ ప్రసక్తి తెచ్చింది. "క్రిస్మస్‌కి రావడం మానేశావు. ఇల్లు రాయలేదని కోపమొచ్చిందిగా."

ఏసుబాబు ఖాళీ గ్లాసు అందుకున్నాడు. "ఇల్లు రాయనందుక్కాదు అత్తా. షాపు ముందు నిలబడి చెప్పావు. ఇద్దరు బేరగాళ్ళు వింటున్నారు. నన్నొక్క మాట ముందు అడిగుంటే నేనే రాయమనేవాణ్ణి. దొంగకి చెప్పినట్టు చెప్పావు నాకు."

దయామణి ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగదు. "నిజమేరా. అడగాల్సింది," అంది. అతను గ్లాసు కడుక్కు రావడానికి వెళ్ళి, చాలాసేపు కడిగాడు.

మంచం కిటికీ పక్కనే. కింద వరండాలో ఒక నిండు గర్భిణి, ఆమెతో ఒక ముసలమ్మ ఉన్నారు. మూడిటుకలు పెట్టుకుని గోడవారగా వండుకుంటున్నారు. ఎండ వరండాలోకి వచ్చినప్పుడల్లా రేకు పెట్టె, చాప, కుండ అన్నీ ఇటునుంచి అటు జరుపుకునేవారు. మధ్యాహ్నం ఆ పిల్ల నడుం పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడేది, కూర్చోలేక. ఇలాంటి వాళ్ళని దయామణి కొన్ని వందలమందిని చూసింది. అయితే ఎప్పుడూ డ్యూటీ మీద వెళ్తూ చూసింది. ఇలా పనీపాటా లేకుండా, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే మనిషిని చూడటం ఇదే మొదలు. మూడో రోజుకి చూడలేకపోయింది.

"ఏసుబాబూ, వాళ్ళదే ఊరో కనుక్కో."

కనుక్కొచ్చాడు. హంసలదీవి. పిల్ల పేరు నాంచారమ్మ. ముసలమ్మ అత్తగారు. వచ్చి ఎనిమిది రోజులయింది.

దయామణి తలగడ కింద నుంచి ఇంటి తాళంచెవి తీసింది. "తీసుకెళ్ళి తూర్పు గదిలో దింపు. నేనింటికొచ్చే దాకా ఉంటారు."

ఏప్రిల్ తొమ్మిదిన ఆవిడ రిక్షాలో ఇంటికి వచ్చింది. గుమ్మంలో తెలియని చెప్పులు నాలుగు జతలు కనిపించాయి. ఇంట్లో ఒక్క నాంచారమ్మే కాదు, వరండాలో పక్కనే ఉన్న ఇంకో రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఏసుబాబుని అడిగితే, "వీళ్ళని తీసుకొస్తుంటే వాళ్ళు అలా చూస్తూ కూర్చున్నారు అత్తా, నాకేం చెప్పాలో తెలియలేదు," అన్నాడు. వంటింట్లో ఉప్పు ఉండే చోట కారం, కారం ఉండే చోట ఎండు చేపలు ఉన్నాయి. ఆవిడ ఇత్తడి గిన్నెలో ఎవరో చింతపండు నానబెట్టారు. పెరట్లో తీగ నిండా ఎవరివో చీరలు.

"ఎవరమ్మా నా గిన్నెలు ముట్టుకుంది?" అని గట్టిగానే అడిగింది దయామణి, నీరసంగా ఉన్నా.

నాంచారమ్మ అత్తగారు కొంగు భుజాన వేసుకుంటూ వచ్చింది. "నేనేనమ్మా. ఈ ఇల్లు మా దివోళ్ళకి రాసిచ్చేశారంటగా. మీ అబ్బాయి చెప్పాడు."

"రాసింది నేను పోయాక ఉండమని."

ముసలమ్మ ఆ మాట కాస్త నెమరేసుకుంది. "అట్టాగా. మాకు తెలవదమ్మా. అయితే ఇప్పుడు ఎల్లిపోయి, మీరు పోయాక రమ్మంటారా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది, వెళ్ళమంటే వెళ్ళేట్టు. దయామణి కుర్చీలో కూర్చుని, గిన్నె తోమి ఇవ్వమని మాత్రం అంది.

పదకొండో తారీఖు పొద్దున నాంచారమ్మకి నొప్పులొచ్చాయి. రిక్షా ఎక్కించి అయిదు నిమిషాల్లో ఆసుపత్రికి పంపారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల. మర్నాడు పన్నెండు. సాయంత్రం ఏసుబాబు బందరు లడ్డూల పొట్లం తెచ్చి అందరికీ పంచాడు. "అయిపోయింది అత్తా. ఇక నువ్వు ఎప్పుడైనా..." అని నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ లడ్డూ తుంచుకుంటూ, "కానీ, చెప్పు," అంది. అందరూ నవ్వారు. ఏసుబాబు చెవులు ఎర్రబడ్డాయి.

వారం తర్వాత దయామణి సైకిలు జోలికి పోకుండా రిక్షాలోనే జబ్బార్ ఇంటికి వెళ్ళింది. ఆయన ఎదురొచ్చి, "నెగ్గారమ్మా. ఇక ఎవరూ వేలు పెట్టలేరు ఆ వీలునామాలో," అన్నాడు.

"దాన్ని వెనక్కి తీసేసుకుందాం బాబూ."

రామబ్రహ్మం గారు కలం తీసి మేజా మీద పెట్టేశాడు.

"మూడేళ్ళు కష్టపడి బతికి నెగ్గించారు గదమ్మా," అన్నాడు జబ్బార్.

"ఆ రోజు మీరు చెప్పిన దస్తావేజు రాయండి. నేను పోయే దాకా ఎందుకు ఆగాలో ఆ ముసలావిడ అడిగితే నాకు చెప్పడం చేతకాలేదు."

"ఇది రాశాక మళ్ళీ మనసు మార్చుకోవడానికి ఉండదు. మీ మనసు మారినా దస్తావేజు మారదు."

"నా సంగతి మీకు తెలుసుగా. అలాంటిదే కావాలి నాకు."

ధర్మకర్తలు ముగ్గురుండాలన్నాడు జబ్బార్. ఆసుపత్రి మేట్రన్ ఒకరు. మూడు వీలునామాలూ కంఠతా వచ్చిన మనిషని రామబ్రహ్మం గారు ఒకరు. మూడో పేరు దగ్గర దయామణి, "ముందు అడగాలి," అని, ఆ రోజే గుడివాడ కార్డు రాసింది. ఏసుబాబు జవాబు రాయలేదు, మర్నాటి బండికి వచ్చేశాడు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపితే, గ్రీజు చూసి ఆ సబ్ రిజిస్ట్రారు, "మీకు మా సిరా అక్కర్లేదేమోనండీ," అన్నాడు. తుడుచుకుని వేశాడు. దయామణికి సంతకం పెట్టేటప్పుడు తండ్రి పాక గుర్తొచ్చింది. అయితే అక్కడ జరుపుకోమన్నవాళ్ళు వేరే, ఇక్కడ ఇచ్చేది తను. ఆ తేడా తనకి తెలిస్తే చాలనుకుని పెట్టేసింది. ఉత్తరపు గది ఆవిడ బతికున్నంత కాలం ఆవిడదేనని నాలుగో పేరాలో ఉంది.

ఆ గదిలో ఆవిడ ఇంకో తొమ్మిదేళ్ళుంది. ఆ తొమ్మిదేళ్ళలో ఇంట్లోకి ఎంతమంది వచ్చి వెళ్ళారో లెక్క లేదు. రిక్షావాళ్ళకి 'దివోళ్ళ ఇల్లు' అంటే చాలు. ఆవిడ పోయినప్పుడు ఎవరూ ఏ కోర్టుకీ వెళ్ళాల్సిన పని పడలేదు. ఏసుబాబు వచ్చి, అంత్యక్రియలు చేయించి, మర్నాడు ధర్మకర్తగా వంటింటి పెంకులు సర్దించి గుడివాడ వెళ్ళాడు.

ఇన్నేళ్ళలోనూ ఆవిడకి నిజంగా కష్టమనిపించింది ధర్మకర్తల మొదటి మీటింగొక్కటే. పెరట్లో మరుగుదొడ్డి ఎక్కడ కట్టించాలన్నది విషయం. ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. ఆవిడ తన గదిలో కూర్చుని ములగకాడలు కోస్తోంది. తూర్పు మూలంటాడు ఏసుబాబు. వాస్తు ఒప్పుకోదంటాడు రామబ్రహ్మం గారు. వాస్తు సంగతి తర్వాత, బావికి ఎంత దూరమో కొలవమంటుంది మేట్రన్. పడమటి వైపున కడితే గొడవే లేదని దయామణికి ఎప్పటినుంచో ఉంది. రెండుసార్లు లేచి గుమ్మం దాకా వచ్చింది. రెండుసార్లూ వెనక్కి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది. గంటన్నర తర్వాత, అడుగులతో కొలిచి, తూర్పు మూలే ఖాయం చేశారు.

ఆ వానాకాలం పడమటి వైపంతా నీళ్ళు నిలిచి కప్పలు చేరాయి. దయామణి కిటికీలోంచి చూసి, తూర్పే నయమని ఒప్పుకుంది. బయటికి మాత్రం ఎవరితోనూ అనలేదు.